నారును చూసి పంటను చెప్పగలమా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనలో ఒక సామెత ఉన్నది. బాల్యంలోనే ప్రతిభ కనబరచిన వారిని మెచ్చుకొనే సందర్భంలో దానిని విరివిగా వాడుతుంటారు. గోదావరి డెల్టాలోని రైతు మాత్రం తన పొలం విషయంలో ఈ సామెతను అంత తేలికగా నమ్మడు. తొలకరి నాటికి కాలువలోకి నీరు రాగానే నారుమడి సిద్ధం చేసుకొంటాడు. విత్తనాలను ఉప్పునీటిలో వేసి, పైకి తేలిన తాలుగింజలను తీసి పారవేస్తాడు. మునిగిన గట్టి గింజలను కడిగి, నానబెట్టి, మండెకట్టి మడిలో చల్లుతాడు. అంతటితో పరీక్ష ముగియదు. మడిలో ఏపుగా కనిపించిన నారు ఊడ్చిన తరువాత పిలకలు వేయకపోవచ్చు. పీలగా ఉన్న నారే కుదురుకొని చేనంతా కమ్ముకోవచ్చు. అదను దాటి ముదిరిన నారు ఎంత మేలురకమైనా దిగుబడి తగ్గుతుంది. కనుక అనుభవజ్ఞుడైన రైతు నారును చూసి ఆశపడతాడే కాని పంటను లెక్కకట్టడు.

అమెరికన్లు అమితంగా అభిమానించే బేస్‌బాల్ క్రీడలో యువకులను తీర్చిదిద్దే ఏర్పాటుకు కూడా వ్యవసాయానికి సంబంధించిన పేరే స్థిరపడింది. దానిని ‘ఫార్మ్ వ్యవస్థ’ అంటారు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు నిర్వాహకుడు బ్రాంచ్ రికీ 1920వ దశకంలో దీనికి రూపకల్పన చేశాడు. ధనిక జట్లతో పోటీపడి పేరుపొందిన ఆటగాళ్లను కొనే స్తోమత ఆయన జట్టుకు లేదు. అందువలన చిన్న పట్టణాల జట్లను తన అధీనంలోకి తెచ్చుకొని, లేత వయసు వారిని అక్కడ ఆడించి, పక్వానికి వచ్చిన వారిని పెద్ద జట్టులోకి తీసుకొనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. నేడు మేజర్ లీగ్‌లోని 30 జట్లకూ ఇటువంటి నారుమళ్లు ఉన్నాయి.

ఈ నారుమడిలో అంచనాకు అందకుండా అందరినీ తికమకపెట్టేవాడు పిచర్, అనగా బంతిని విసిరే ఆటగాడు. మన క్రికెట్‌లో బౌలర్ వంటివాడే అయినా పిచర్‌కు పరుగెత్తి రావడం లేదు. బంతి నేలను తాకదు. మోచేతిని వంచి విసరవచ్చు. 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న బ్యాటర్ వైపు అతడు గంటకు 145 కిలోమీటర్ల వేగంతో విసిరితే బంతి అర సెకను గడవకముందే చేరుతుంది. ప్రతిభాన్వేషకులు ఇతని నైపుణ్యాలకు 20 నుంచి 80 వరకు అంకెలు వేస్తారు. 50 అనగా మేజర్ లీగ్ ఆటగాడి సగటు స్థాయి. వేగవంతమైన బంతికి ఒక అంకె, వంపు తిరిగే బంతికి ఒక అంకె, అదుపునకు మరొక అంకె. విశేషమేమంటే ఒక్కొక్క నైపుణ్యానికి రెండేసి అంకెలు ఉంటాయి. మొదటిది బాలుడు నేడు ఎలా ఉన్నాడో చెబుతుంది. రెండవది ఎదిగిన పిదప ఎలా ఉండగలడో ఊహిస్తుంది. మొదటి అంకెను రాడార్ యంత్రం సాయంతో ఎవరైనా వేయగలరు. జీతం తీసుకొనేది రెండవ అంకె కోసమే.

విదేశీ బాలుర విషయంలో ఈ ఊహ మరింత కఠినమైనది. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల బాలురతో 16 ఏళ్ల వయసులోనే ఒప్పందం చేసుకోవచ్చు. అది మన ఇంటర్మీడియట్ విద్యార్థి వయసు. అప్పటికి వారు పెద్ద పోటీలలో ఆడి ఉండరు. పోల్చి చూడడానికి గణాంకాలు ఉండవు. డొమినికన్ గ్రామాలలో ‘బుస్కోన్’ అని పిలిచే స్వతంత్ర శిక్షకులు పన్నెండు, పదమూడేళ్ల పిల్లలను చేరదీసి తర్ఫీదు ఇస్తారు. ఒప్పందం కుదిరినప్పుడు వచ్చే సొమ్ములో వాటా తీసుకొంటారు. ఎందరో పిల్లలు బడికి స్వస్తి చెప్పి మైదానానికే అంకితమవుతారు. ఒప్పందం పొందిన వారిలో సైతం అత్యధికులు మేజర్ లీగ్ మెట్టు ఎక్కకుండానే వెనుదిరుగుతారు. జట్టుకు అది లెక్కల పుస్తకంలో ఒక నష్టం మాత్రమే. చదువూ ఆటా రెండూ దక్కని ఆ యువకునికి, అతనిపై ఆశపెట్టుకొన్న కుటుంబానికి అది జీవితం. ఆ రెండవ అంకె వేసే చేతికి ఉండవలసిన బాధ్యత ఎంతటిదో దీనిని బట్టి ఊహించవచ్చు.

మరి పరీక్షకుడు ఏమి చూస్తాడు? ముందుగా శరీర నిర్మాణాన్ని. భుజాల వెడల్పు, మణికట్టు, అరచేతులు, పాదాల పరిమాణం చూసి బాలుడు ఇంకా ఎంత ఎదగగలడో అంచనా వేస్తాడు. తల్లిదండ్రుల ఎత్తును సైతం గమనిస్తాడు. ఒకే వయసు బాలురలో ఒకడు ముందుగా ఎదిగిపోయి గడ్డం మొలిచి ఉంటాడు; మరొకడు ఇంకా పసివాడుగానే ఉంటాడు. నేడు మొదటివాడే వేగంగా విసురుతాడు. కాని అతని ఎదుగుదల అక్కడితో ఆగిపోవచ్చు. రెండవవాడికి ఇంకా మూడేళ్ల వాన మిగిలి ఉన్నది. కొందరు వయసు తగ్గించి చెప్పే ప్రమాదమూ లేకపోలేదు. మన దేశంలో క్రికెట్ నియంత్రణ మండలి 16 ఏళ్లలోపు బాలుర పోటీలకు ఎడమచేతి మణికట్టును ఎక్స్‌రే తీయించి ఎముకల వయసును నిర్ధారించడం ఈ కారణం చేతనే.

తరువాత విసిరే తీరు. బలం భుజంలోనే పుడుతుందని చూసేవారు భ్రమపడతారు. అది కాళ్లలో పుట్టి, నడుము మలుపులో పెరిగి, భుజం మీదుగా వేళ్ల కొసకు చేరుతుంది. ఈ గొలుసులో ఒక్క కొక్కెం సడలినా ఆ భారమంతా మోచేతిపై పడుతుంది. ఎదిగే వయసులో ఎముకల కొసలు ఇంకా మెత్తగానే ఉంటాయి. అందుకే అమెరికా బేస్‌బాల్ సంస్థలు 2014లో బాల పిచర్లకు పరిమితులు సూచించాయి. 16 ఏళ్ల బాలుడు రోజుకు 95 బంతులకు మించి విసరరాదు. అంతగా విసిరిన చేతికి నాలుగు రోజుల విశ్రాంతి తప్పదు. బాలుని వేగాన్ని కొలిచి మురిసిపోయే తండ్రులకు ఈ నియమం రుచించదు గాని, వేగం ఎంత ముందుగా వస్తే ప్రమాదమూ అంత ముందుగా వస్తుందని వైద్యుల హెచ్చరిక.

ఇంత చూసినా పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. పెడ్రో మార్టినెజ్ డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి, లాస్ ఏంజలిస్ డాడ్జర్స్ జట్టు నారుమడిలో పెరిగినవాడు. బక్కపలుచని దేహం. దీర్ఘకాలం విసిరే భారాన్ని ఆ దేహం మోయలేదని జట్టు శంకించింది. 1993లో అతనిని మాంట్రియల్ జట్టుకు ఇచ్చివేసింది. ఆయన 1997, 1999, 2000 సంవత్సరాలలో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారాన్ని అందుకొన్నాడు. అంకెలు వేసినవారు ఆయన చేతిని సరిగానే చూశారు. ఒడ్డూపొడుగూ చూసి వెనుకాడారు. ఇందుకు విపర్యంగా, వేగాన్ని మాత్రమే చూసిన ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అనే టెలివిజన్ పోటీ జరిగింది. వేలాది యువకులు రాడార్ యంత్రం ముందు బంతి విసిరారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈటె విసిరే క్రీడాకారులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఎంపికయ్యారు. అంతకుముందు వారు బేస్‌బాల్ ఆడి ఎరుగరు. అమెరికాలో కొద్ది నెలలు శిక్షణ పొంది, అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ నారుమడిలో చేరారు. దినేశ్ 2010లో నిష్క్రమించాడు. రింకూ కొంత పైకి వెళ్లినా గాయాల పాలై, చివరకు మల్లయుద్ధ ప్రదర్శనల వైపు మళ్లాడు. వారి సాహసం తక్కువది కాదు. ఇతరులు పదేళ్ల వయసు నుంచి నేర్చినదానిని ఇరవయ్యేళ్లకు మొదలుపెట్టి ఆమాత్రం దూరం పోవడమే గొప్ప. అయితే యంత్రం వారి చేతి వేగాన్ని చెప్పగలిగింది, మిగిలినదేదీ చెప్పలేకపోయింది.

బేస్‌బాల్ గోదావరి తీరానికి పరిచితమైన ఆట కాదు. కాని చేతిని తలపైకి ఎత్తి, భుజాన్ని వెనుకకు తిప్పి, మెరుపువేగంతో ముందుకు విసిరే ఆ కదలికకు దగ్గరి చుట్టం వంటిది బ్యాడ్మింటన్‌లోని స్మాష్. ఆ విద్యలో లోకాన్ని అబ్బురపరచినవాడు కోనసీమ బిడ్డ. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000వ సంవత్సరం ఆగస్టు 13న అమలాపురంలో జన్మించాడు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, రాష్ట్రస్థాయి బ్యాడ్మింటన్ క్రీడాకారుడు. 2014లో సాత్విక్ హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. నాడు దేశంలో సింగిల్స్ క్రీడాకారులకే పేరూ ప్రతిష్ఠా. సైనా, సింధులను చూసి ప్రతి తల్లిదండ్రులూ తమ బిడ్డను సింగిల్స్‌లోనే చూడాలని కోరుకొనే రోజులవి. అటువంటి కాలంలో ఈ బాలుడు డబుల్స్ మార్గాన్ని ఎంచుకొన్నాడు.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. మలేషియాకు చెందిన టాన్ కిమ్ హెర్ 2015లో భారత డబుల్స్ శిక్షకునిగా నియమితుడయ్యాడు. ఆయన సాత్విక్‌ను ముంబయి యువకుడు చిరాగ్ శెట్టితో జతచేశాడు. ఇద్దరూ ఆరడుగుల పొడగరులు. ఇద్దరికీ వెనుక నుంచి బలంగా కొట్టడమే అలవాటు. డబుల్స్‌లో ఒకరు వెనుక నుంచి దాడి చేస్తుంటే, మరొకరు వల దగ్గర నిలిచి చురుకుగా అడ్డుకోవాలి. ఒకే ఒరలో రెండు కత్తులు ఎలా ఇముడుతాయని అనిపించడం సహజం. ఆటగాళ్లకే అది వింతగా తోచింది. శిక్షకుడు మాత్రం వారి అప్పటి ఆటను కాక, వారు నేర్చుకోగల ఆటను చూశాడు. చిరాగ్ ముందు నిలవడం అలవరచుకొన్నాడు. సాత్విక్ వెనుక నుంచి విజృంభించాడు. 2018 కామన్వెల్త్ క్రీడలలో రజతం, 2022లో స్వర్ణం, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, అదే అక్టోబరులో ప్రపంచ ప్రథమ స్థానం వారికి లభించాయి.

2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా ప్రాంతంలో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయి గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. పదేళ్లుగా నిలిచి ఉన్న 493 కిలోమీటర్ల రికార్డు దానితో చెరిగిపోయింది. పత్రికలన్నీ ఈ అంకెను ప్రముఖంగా ప్రచురించాయి. అది నియమిత పరిస్థితులలో, ఎదురు నిలిచే ప్రత్యర్థి లేకుండా కొలిచిన వేగమన్న సంగతి అంతగా ప్రచారం పొందలేదు. పోటీలో ప్రత్యర్థి ఆ షటిల్‌ను తిప్పికొట్టడానికి సిద్ధంగా ఉంటాడు. అప్పుడు ఎక్కడ కొట్టాలి, ఎప్పుడు మెల్లగా జారవిడవాలి అన్నదే ప్రధానం. పిచర్ల వలెనే ఈ బలానికి మూల్యమూ ఉన్నది. 2024లో భుజం నొప్పి కారణంగా సాత్విక్ ఆసియా చాంపియన్‌షిప్ పోటీలకు దూరం కావలసివచ్చింది.

సాత్విక్ కన్నా ఏడేళ్లు పెద్దవాడైన కిడాంబి శ్రీకాంత్ రావులపాలెంలో జన్మించాడు. ఆయన కథ దీనికి తలక్రిందులు. మొదట ఆయన డబుల్స్, మిశ్రమ డబుల్స్ ఆటగాడు. 2011 కామన్వెల్త్ యువజన క్రీడలలో ఆ రెండింటిలోనే పతకాలు గెలిచాడు. పతకాలు తెస్తున్న బాలుని దారి మళ్లించడానికి ఏ శిక్షకుడైనా వెనుకాడుతాడు. గోపీచంద్ వెనుకాడలేదు. శ్రీకాంత్‌ను సింగిల్స్ వైపు నడిపించాడు. 2014లో చైనా ఓపెన్ తుదిపోరులో శ్రీకాంత్ మహాయోధుడు లిన్ డాన్‌ను ఓడించాడు. 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ ప్రథమ స్థానాన్ని అందుకొన్నాడు. ఒకే సీమలో పుట్టి, ఒకే అకాడమీలో పెరిగిన ఇద్దరిలో ఒకరు డబుల్స్‌లో స్థిరపడగా, మరొకరు దానిని విడిచిపెట్టి వెలుగొందారు. ఏదో ఒక కొలబద్దను పట్టుకొని ఇద్దరినీ కొలిచి ఉంటే వారిలో ఒకరు తప్పక తాలుగింజగా తేలి ఉండేవారు.

2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ తుదిపోరు జరిగింది. భారతదేశం ఆ దశకు చేరడం అదే మొదటిసారి. ప్రత్యర్థి అప్పటికి పద్నాలుగుసార్లు విజేత అయిన ఇండోనేషియా. మొదటి పోటీలో లక్ష్య సేన్ గెలిచాడు. రెండవ పోటీలో సాత్విక్, చిరాగ్ జంట మొదటి గేమ్ కోల్పోయి, రెండవ గేమ్‌లో ఓటమి అంచున నాలుగు మ్యాచ్ పాయింట్లను కాచుకొని, 18-21, 23-21, 21-19 తేడాతో బయటపడింది. మూడవ పోటీకి శ్రీకాంత్ కోర్టులోకి దిగాడు. జొనాథన్ క్రిస్టీని 21-15, 23-21తో ఓడించగానే కప్పు భారతదేశానికి దక్కింది. ఆనాడు గెలిచిన మూడు పోటీలలో రెండింటిలో కోనసీమలో పుట్టినవారి చేతులున్నాయి.