నిల్వ కోటా (డేటాబేసు)

ఒకే డేటాబేసును పలువురు పంచుకొనేటప్పుడు ఒక్కొక్క వాడుకరి వినియోగించదగిన డిస్కు స్థలానికి విధించే పరిమితిని నిల్వ కోటా అంటారు. నాగార్జునసాగర్ కుడి కాలువపై ఎగువ రైతులు ఎక్కువ నీరు వాడుకుంటే సత్తెనపల్లి వంటి ప్రాంతాల చివరి భూములకు నీరందదు. అదే విధంగా ఒక వాడుకరి డిస్కును నింపివేస్తే మిగిలినవారి పని కూడా నిలిచిపోతుంది.

చరిత్ర

మెల్బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఎల్జ్ రూపొందించిన డిస్కు కోటా పద్ధతి 1983లో విడుదలైన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో చేరింది. అది ఫైలు యజమానిని బట్టి లెక్కిస్తుంది. డేటాబేసు ఫైళ్ళకు యజమాని సాధారణంగా సర్వరు ప్రోగ్రామే. కనుక ఎవరి వాటా ఎంతో డేటాబేసే లెక్క చూడవలసి ఉంటుంది.

పనిచేయు విధానం

ఒరాకిల్‌లో నిల్వను టేబుల్‌స్పేసులుగా విభజించి, ఒక్కొక్కదానిలో వాడుకరికి 50 మెగాబైట్లు వంటి కోటా ఇస్తారు. కోటాగానీ, అపరిమిత వినియోగ అధికారంగానీ లేనివారికి అక్కడ స్థలం లభించదు. కోటాకు మించి స్థలం కోరిన ఆదేశం 01536 సంఖ్య గల దోషసందేశంతో విఫలమవుతుంది. ఇతరుల పని యథావిధిగా సాగుతుంది.

ఇక్కడ లెక్కించేది వరుసలను కాదు, పట్టికకు కేటాయించిన స్థలాన్ని. అందువలన వరుసలను తొలగించినంత మాత్రాన వాడుక తగ్గదు. తొలగించిన పట్టిక రీసైకిల్ బిన్‌లో ఉన్నంతకాలం కోటాలోనే లెక్కకు వస్తుంది.

ఇతర డేటాబేసులు

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లలో వాడుకరివారీ నిల్వ కోటా అంతర్నిర్మితంగా లేదు. నిర్వాహకులు పట్టికల పరిమాణాన్ని అప్పుడప్పుడు కొలిచి, హద్దు దాటినవారికి సమాచారం చేర్చే అనుమతిని ఉపసంహరించవచ్చు. చదివే, తొలగించే అనుమతులను మాత్రం ఉంచాలి. లేనిచో వారు తమ వాడుకను తగ్గించుకొనలేరు. రెండు కొలతల మధ్యకాలంలో డిస్కు నిండే ప్రమాదం ఈ పద్ధతిలోని లోపం.