ఒడుపు పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా?

సాయంత్రం మన హాస్టలు గ్రౌండులో కబడ్డీ చూస్తే ఒక తమ్ముడు ఎవరికీ చిక్కకుండా జారుకుంటాడు. ఇంకో తమ్ముడు తన కాలు తనకే తగిలి పడతాడు. "వాడి రక్తంలోనే ఉంది, వీడి రక్తంలో లేదు" అని మనం తేల్చేస్తాం. విజ్ఞానశాస్త్రం అంత తేలిగ్గా తేల్చదు.

బంతిని పట్టాలంటే కన్ను చూడాలి, మెదడు అంచనా వేయాలి, నరాలు ఆ కబురు మోయాలి, కండరాలు సమయానికి కదలాలి. ఈ పొందికను సరిదిద్దడంలో ముఖ్యపాత్ర అనుమస్తిష్కానిది, అంటే చిన్నమెదడుది.

ఇందులో పుట్టుకకు వాటా ఉంది. అమెరికాలో గెసెల్, థాంప్సన్ అనే శాస్త్రవేత్తలు 1929లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఒకే పోలిక కవల పాపల్లో ఒకరికి 46వ వారం నుండి ఆరు వారాలు మెట్లెక్కడం నేర్పారు. రెండో పాపకు 53వ వారంలో మొదలుపెట్టి రెండు వారాలే నేర్పారు. అయినా ఆ పాప మొదటి పాపను అందుకుంది. శరీరం పక్వానికి రావడానికి ఒక సమయం ఉందన్నమాట. ఆ సమయం కూడా అందరికీ ఒకటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యవంతమైన పిల్లలు 8 నెలలు దాటాక ఎప్పుడైనా, సుమారు 17 నెలల లోపు సొంతంగా నడుస్తారు.

మరి పెంపకం మాటేమిటి? వేన్ డెన్నిస్ 1960లో టెహ్రాన్ అనాథాశ్రమాల గురించి రాశారు. ఆయాలు తక్కువగా ఉండి, పసివాళ్ళను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టిన చోట రెండేళ్ళు దాటినా చాలామంది నడవలేదు. ఎత్తుకుని, కూర్చోబెట్టి ఆడించిన చోట ఎక్కువమంది నడిచారు.

పరిసరాల ప్రభావం తల్లి కడుపులోనే మొదలవుతుంది. నెలలు నిండక పుట్టినవారికి, తక్కువ బరువుతో పుట్టినవారికి ఈ ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. రక్తహీనత, అయోడిన్ లోపం కూడా మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. మన తల్లుల్లో చాలామంది నెలలు నిండేదాకా నాట్లకు, కలుపుకు వెళ్ళినవారే. కాబట్టి రక్తంలో లేదనుకున్నది ఒక్కోసారి కంచంలో లేక వచ్చిన లోటు కావచ్చు.

బడి వయసు పిల్లల్లో నూటికి 5, 6 మందికి కదలికల పొందిక తగినంతగా కుదరదు. రాత వంకర పోతుంది, గుండీలు పెట్టుకోవడం ఆలస్యమవుతుంది. ఇది బద్ధకం కాదు, తెలివితక్కువతనమూ కాదు. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, నిదానంగా, రోజూ చేయిస్తే మెరుగుపడుతుంది. ఇబ్బంది మరీ ఎక్కువగా ఉంటే వార్డెన్ గారికి చెప్పాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు వారికి ఇలాంటి లోపాలకు ఉచిత పరీక్షలు ఉన్నాయి.

మిత్రులారా! "మీ ఇంట్లో ఎవరికి వచ్చింది గనక చదువు?" అన్న మాట మేమూ విన్నాం. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. అదే మాటను ఆట పేరుతో, చేతిరాత పేరుతో మన తమ్ముళ్ళను మనం అనకూడదు. పడిన తమ్ముడిని పక్కన కూర్చోబెట్టకండి, రేపు కూడా ఆటలోకి పిలవండి. వాడికి కావలసిన పరిసరం మనమే.