చింతాకు ముడుచుకొను వేళ

పల్నాటి సీమలోని నూజెండ్లలో సాయంకాలము పొలమునుండి మరలువారికి గడియారముతో పని లేదు. చింతాకు ముడుచుకొనిన చాలును, ప్రొద్దు గ్రుంకినదని తెలియును. నిద్రగన్నేరు సంగతి చెప్పనక్కరలేదు. దాని పేరులోనే నిద్ర యున్నది.

ఆకులు చీకటిని చూచి ముడుచుకొనుచున్నవా? 1729లో దె మెరాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇట్టి మొక్క విషయమున ఒక వింతను తెలిపెను. చీకటిలో నుంచినను అది పగటివేళ ఆకులు విప్పి, రాత్రివేళ ముడుచుచునే యుండెను. కాలమును కొలుచు సాధనము మొక్కలోనే కలదని తరువాతివారు గ్రహించిరి.

మానవుని మెదడు అడుగుభాగమునను బియ్యపుగింజంత గడియార మొకటి కలదు. అది తనంత తాను ఇరువదినాలుగు గంటలకంటె కొంచెము నెమ్మదిగా నడచును గనుక ప్రతిదినము సరిదిద్దవలయును. ఆ పని చేయునది కంటిలో పడు వెలుగే. చీకటి పడగానే పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. దానిని 1958లో ఏరన్ లెర్నర్ పశువుల గ్రంథులనుండి వేరుచేసెను. రాత్రి వచ్చినదని శరీరమునకు కబురు చేర్చునది ఇదియే. పొద్దుపోవువరకు కాంతివంతమైన దీపము ముందో, సెల్‌ఫోను ముందో కూర్చుండు బాలునికి ఆ కబురు ఆలస్యముగా అందును. చింతచెట్టునకు ఈ చిక్కు లేదు.

పరీక్షల దినములలో అర్ధరాత్రి వంటింటి డబ్బాలలో కారపుబూంది వెదకువారు ప్రతి ఊరను కలరు. తిండిపోతుతనమని తల్లులు కోపగింతురు. అందు సగమే న్యాయము. కడుపు నిండినదని చెప్పు హార్మోను లెప్టిన్. ఆకలి గొల్పునది గ్రెలిన్. 2004లో చికాగో విశ్వవిద్యాలయమువారు పన్నెండుగురు ఆరోగ్యవంతులైన యువకులను రెండేసి రాత్రులు పరీక్షించిరి. పది గంటలు పడకపై నున్నప్పటికంటె నాలుగు గంటలే యున్నప్పుడు లెప్టిన్ నూటికి 18 వంతులు తగ్గెను, గ్రెలిన్ 28 వంతులు పెరిగెను. వారి మనసు మిక్కిలిగా పోయినది తీపి, ఉప్పు, పిండి పదార్థములపైననే. నిద్రలేమి ఒక్కటే స్థూలకాయమునకు కారణము కాదు గాని, అది ఆకలిని త్రోవ తప్పించుట నిజము.

మనస్సు మాటయు నిట్టిదే. నూజెండ్లలో దీర్ఘమైన పగటికిని, హ్రస్వమైన పగటికిని భేదము సుమారు రెండు గంటలు. లండనులోనో, డిసెంబరు పగలు ఎనిమిది గంటలైన నిండదు. అట్టి ఉత్తర దేశములలో చలికాలము రాగానే కొందరు దిగులుపడి, అతిగా నిద్రించి, పిండివంటలు ఎక్కువ తిని బరువెక్కుదురు. 1984లో నార్మన్ రోజెంథాల్ అను వైద్యుడు అమెరికాలో ఈ వ్యాధిని వర్ణించి, ప్రకాశవంతమైన వెలుగునే దానికి చికిత్సగా ప్రయోగించెను.

ఆ వెలుగునకై అచ్చటివారు ప్రత్యేకముగా దీపములు కొనుచున్నారు. మబ్బు పట్టిన పగటివేళనైనను ఆరుబయటి వెలుతురు ఇంటి దీపపు వెలుతురుకంటె అనేక రెట్లు ఎక్కువ. తలుపులు మూసికొని గదిలో పాఠము వల్లెవేయు విద్యార్థి ఇంకను దీపము ఆర్పకమునుపే, మిరపకాయలు కోయబోయిన కూలివారి కన్నులలో అది నిండుగా పడియుండును.