వ్యాధిగ్రస్తుల అభ్యంగనము

ఇంట రోగి మంచము పట్టియుండగా గురువులు తైలముతో గుమ్మము త్రొక్కిరన్న, ఇక ఆశ లేదు కాబోలునని కంట నీరు పెట్టుకొనువారు మనలో నేటికిని గలరు. రోగి బెదరునను భయముచే బంధువులు కబురంపుటను నేడు రేపని జరుపుదురు. తుదకు గురువులు వచ్చునప్పటికి రోగికి తెలివి తప్పియుండును.

ఈ భయమునకు పాతపేరు కొంత కారణము. పెద్దలు దీనిని అవస్థాభ్యంగనమనిరి. అవస్థ యనగా ప్రాణము పోవు వేళయని జనులు గ్రహించిరి. కాని అపోస్తలుడగు యాకోబు తన లేఖ 5వ అధ్యాయమున తెలిపినది వేఱు. వ్యాధిగ్రస్తుడు సంఘపు పెద్దలను పిలిపించుకొనవలెననియు, వారు ప్రభువు నామమున తైలము పూసి ప్రార్థింపవలెననియు అందు గలదు. పిలిపించుకొనవలసినవాడు రోగియే! మాటాడు శక్తి లేనివాడు ఎట్లు పిలిపించుకొనును? మధ్యయుగమున ఐరోపాలో ఈ సంస్కారము క్రమముగా మరణశయ్యకు జరిగినది. 1963లో రెండవ వాతికను మహాసభ, రోగముచేతగాని వృద్ధాప్యముచేతగాని ప్రాణాపాయము ఆరంభమగుటతోడనే దీనికి తగిన కాలము వచ్చినదని తెలిపి, నేటి నామమే యుక్తమనెను.

1972లో ఆఱవ పౌలు పాపుగారు క్రొత్త క్రమమును ఏర్పఱచిరి. పూర్వము కన్నులు, చెవులు, ముక్కు, పెదవులు, చేతులు, పాదములు అభ్యంగింపబడుచుండెను. ఇప్పుడు నుదురును చేతులును మాత్రమే. ఒలీవ నూనె దొరకనిచోట మొక్కలనుండి తీసిన వేఱొక నూనెను వాడుటకును వారు అనుమతించిరి. ఒలీవచెట్టును కన్నులార చూచినవారు మన సీమలో అరుదు. వేరుసెనగను, నువ్వులను ఎఱుగనివారు లేరు. అభ్యంగనమను మాటయు దీపావళినాటి తలంటువలన మన పిల్లలెల్లరకు పరిచితమే.

తైలమును మేత్రాణులు పవిత్రవారమున ఆశీర్వదింతురు. పూర్వపు చిత్తూరు జిల్లా 1976లో ఏర్పడిన కడప మేత్రాసనమునకు చేరినది. అత్యవసరమున గురువే తైలమును ఆశీర్వదింపవచ్చును; కాని గురుపట్టము లేనివారు ఈ సంస్కారమును ఈయజాలరు.

మందు మాని తైలము పూయించుకొమ్మని తిరుసభ ఎన్నడును చెప్పలేదు. ప్రమాదకరమగు వ్యాధికై శస్త్రచికిత్స నిశ్చయింపబడి, చిత్తూరునుండి వేలూరు మిషను ఆసుపత్రికి పోవువారు బయలుదేరుటకు ముందే తమ విచారణ గురువులను అడుగుట మేలు. బలహీనులైన వృద్ధులు వేఱు జబ్బు లేకున్నను పొందవచ్చును. కోలుకొని మరల జబ్బుపడినచో, లేక అదే జబ్బు ముదిరినచో, మరల పొందవచ్చును. జీవితమున ఒక్కమాఱేయనుట పొరపాటు.

ఆలస్యమువలని నష్టము చిన్నది కాదు. పాపసంకీర్తనమునకు నోరాడవలెను, దివ్యసత్ప్రసాదమును మ్రింగగలుగవలెను. స్పృహ తప్పినవానికి, తెలివియున్నచో కోరియుండుననుకొనదగిన యెడల, అభ్యంగనము చేయుదురు. మరణించినవానికి చేయరు. అప్పుడు గురువులు అతని యాత్మకొఱకు ప్రార్థనలు మాత్రమే చదువుదురు.