శిశు ఆహారపు పొడిలో థయమిన్ పరిమాణ నిర్ధారణ: థయోక్రోమ్ పద్ధతి, దాని పరిమితులు

2003 నవంబరులో ఇజ్రాయెల్‌లో కొందరు పసిపిల్లలు వాంతులు, మందకొడితనం, కనుగుడ్ల కదలికల లోపంతో ఆసుపత్రులకు చేరారు. వారందరికీ పట్టినది ఒకే రకం సోయా ఆధారిత పాలపొడి. 100 గ్రాముల పొడిలో 385 మైక్రోగ్రాముల థయమిన్ (విటమిన్ బి1) ఉన్నట్లు డబ్బాపై ముద్రించారు. విశ్లేషణలో అది గ్రాముకు 0.5 మైక్రోగ్రాముల లోపేనని తేలింది. శిశువులలో కొందరు మరణించారు. థయమిన్ లోపం తెలుగు నేలకు కొత్త కాదు. మరపట్టిన బియ్యమే ప్రధానాహారమైన ఉత్తర సర్కారులలో బెరిబెరి ఒకప్పుడు స్థానిక వ్యాధి.

పై ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. గ్రాముకు 0.5 మైక్రోగ్రాములంటే 100 గ్రాములకు 50. అంటే ముద్రిత విలువలో సుమారు 13 శాతం. అంతకు తక్కువైతే సున్నాకూ 40కీ తేడాను ఆ పరీక్ష చెప్పలేదు. కోడెక్స్ ప్రమాణం 100 కిలోకేలరీలకు కనీసం 60 మైక్రోగ్రాముల థయమిన్‌ను కోరుతుంది. 100 గ్రాముల పొడి దాదాపు 500 కిలోకేలరీలనిస్తుందనుకుంటే కనీస పరిమాణం 300. కనుక ఇక్కడ లోపాన్ని నిర్ధారించడానికి ఆ పరీక్ష చాలింది. గుర్తింపు పరిమితిని పేర్కొనకుండా 'లేదు' అని మాత్రమే రాసిన నివేదికకు ఆ బలం ఉండదు.

థయమిన్‌కు స్వతహాగా చెప్పుకోదగిన ప్రతిదీప్తి లేదు. క్షార మాధ్యమంలో పొటాషియం ఫెర్రిసయనైడ్‌తో ఆక్సీకరిస్తే అది థయోక్రోమ్‌గా మారి, అతినీలలోహిత కాంతిలో నీలిరంగులో ప్రకాశిస్తుంది. థయోక్రోమ్‌ను ఐసోబ్యుటనాల్‌లోకి తీసి ఆ తీవ్రతను కొలుస్తారు. ఫెర్రిసయనైడ్ కలపని మరో భాగం విలువను తీసివేయడం తప్పనిసరి. లేకుంటే ఇతర పదార్థాల ప్రతిదీప్తి కూడా విటమిన్ ఖాతాలోనే పడుతుంది.

అసలు చిక్కు అంతకు ముందు దశలో ఉంది. పాలలోనూ సోయాలోనూ సహజ థయమిన్‌లో కొంత భాగం ఫాస్ఫేట్ ఎస్టర్ల రూపంలో ఉంటుంది. వాటినుంచి ఏర్పడే థయోక్రోమ్ ఫాస్ఫేట్లు ఐసోబ్యుటనాల్‌లోకి రావు. అందుచేత నమూనాను సజల హైడ్రోక్లోరికామ్లంతో వేడిచేసి, ఆపై ఫాస్ఫటేజ్ గల ఎంజైముతో ఎస్టర్లను విడగొట్టాలి. ఆమ్లంలో నిలకడగా ఉండే థయమిన్ క్షారంలో వేగంగా నశిస్తుంది. కాబట్టి ఆక్సీకరణ దశలో ఆలస్యం పనికిరాదు.

ఇక్కడ పరిశోధక విద్యార్థులు తరచు పొరబడే అంశమొకటుంది. థయమిన్ హైడ్రోక్లోరైడ్‌ను నమూనాకు చేర్చి, 98 శాతం తిరిగి లభించిందని చూపి, పద్ధతి సరైనదని తేల్చేస్తారు. చేర్చినది స్వేచ్ఛా రూపం కావడంవల్ల జలవిశ్లేషణ అసంపూర్ణమైనా ఆ శాతం తగ్గదు. ఎంజైము పనితీరు తెలియాలంటే థయమిన్ పైరోఫాస్ఫేట్‌ను చేర్చి చూడాలి; లేదా ఎన్.ఐ.ఎస్.టి. వారి 1849ఎ వంటి ధ్రువీకృత శిశు ఆహార నమూనాను సమాంతరంగా విశ్లేషించాలి.

ఎ.ఒ.ఎ.సి. 2015.14 పద్ధతి ఎంజైము జీర్ణానంతరం ద్రవ వర్ణలేఖన-ద్రవ్యరాశి వర్ణపటమితితో బి1, బి2, బి3, బి6లను ఒకేసారి కొలుస్తుంది. ఐసోటోపు గుర్తుగల అంతర్గత ప్రమాణాలు ఇతర పదార్థాల ప్రభావాన్ని చాలావరకు సరిచేస్తాయి. అయినా ఎస్టర్లు విడిపోకుంటే ఎంత ఖరీదైన పరికరమైనా తక్కువే చూపుతుంది. విటమిన్లను పొడిగానే కలిపిన ఉత్పత్తులలో అవి సమంగా వ్యాపించి ఉండకపోవచ్చు. ఒక గ్రాము పొడిని నేరుగా తూయడం కన్నా 25 గ్రాములను 200 గ్రాముల నీటిలో కలిపి, అందులోనుంచి భాగం తీసుకోవడం మేలు.