చెన్నపట్నపు సాయంకాలపు వాన

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుండి ఈ నగరానికి వచ్చినవారికి మొదటి సంవత్సరం ఇక్కడి వానతీరు వింతగా తోస్తుంది. మృగశిర కార్తె ప్రవేశించి, స్వగ్రామంలో తొలకరి పడి దుక్కులు మొదలైనా, చెన్నైలో పగటి ఎండ తగ్గదు. రోజుల తరబడి ముసురు పట్టదు. పొద్దు వాలిన తరువాత పడమట మబ్బు కమ్మి, ఉరుములతో ఒక గంట కుంభవృష్టి కురిసి వెలుస్తుంది. ఈ వానలో ఋతుపవనంతోపాటు సముద్రపు గాలికీ ప్రధానమైన పాలు ఉంది.

నైరుతి పవనాలు తాము తెచ్చిన తేమలో అధికభాగాన్ని పడమటి కనుమలకే సమర్పించి, ఇక్కడికి చాలవరకు పొడిగాలులై చేరుతాయి. మధ్యాహ్నానికి నేల బాగా వేడెక్కుతుంది. సముద్రం అంత త్వరగా వేడెక్కదు. నేలమీది గాలి తేలికై పైకి పోగా, బంగాళాఖాతం మీది చల్లని తేమగాలి లోపలికి వస్తుంది. ఈ రెండు గాలులు ఎదురుబడిన చోట తేమగాలి పైకి లేచి మేఘాలుగా పేరుకుంటుంది. ఆ చోటు తరచుగా తిరువళ్ళూరు, శ్రీపెరుంబుదూరు, కాంచీపురం ప్రాంతాలలో ఉంటుంది.

అక్కడ పుట్టిన మేఘం నగరంమీదికి ఎందుకు రావాలి? సముద్రపు గాలి నేలను అంటిపెట్టుకొని వీచే పలుచని పొర మాత్రమే. దానిపైన వీచేది పడమటి గాలి. అది మబ్బును తిరిగి తీరంవైపు నెడుతుంది. మెరీనాలో సముద్రానికి అభిముఖంగా కూర్చున్నవారికి గాలి ఎదురుగా, వాన వెనుకగా వచ్చేది అందువల్లనే.

పడమటి గాలి మరీ బలంగా ఉన్నరోజున సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కొక్కప్పుడు రానేరాదు. ఆనాటి ఉక్కను వేరుగా వర్ణించనక్కరలేదు. సముద్రపు గాలి చక్కగా వీచినా ప్రతిదినం వాన కురవదు. పై పొరలలోనూ తగినంత తేమ ఉండాలి.

కట్టడపు పనివారు, తోపుడుబండ్లవారు ఒక గుర్తు మరువరాదు. సాయంకాలం గాలి ఒక్కసారిగా దిక్కు మార్చి పడమటినుండి చల్లగా విసిరితే, వాన కొద్ది నిమిషాలలో ఉందని తరచుగా అర్థం. ఉరుము వినిపించిన వెంటనే సారువలు, మేడపైకప్పు విడిచి భవనం లోపలికి వెళ్ళాలి. చెట్టుకింద నిలువరాదు. కూలిన చెట్టు, నిలిచిన నీరు, మూసుకుపోయిన వాననీటి కాలువ కనిపిస్తే 1913కు ఫోను చేయవచ్చును.

నగరానికి ఏటా కురిసే సుమారు 1,400 మిల్లీమీటర్లలో, జూన్–సెప్టెంబరు వానలు దాదాపు మూడో వంతు. అసలు వానకాలం అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య ఋతుపవనం. నెల్లూరువారికి ఇది కొత్త కాదు. అప్పుడు గాలి నేరుగా సముద్రంమీదినుండే వస్తుంది గనుక వాన సాయంకాలానికై వేచి ఉండదు. తరచుగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున కురుస్తుంది. మేడపై నీటిగొట్టాలను, ఇంటి వాననీటి ఇంకుడుగుంతను సెప్టెంబరులోనే శుభ్రం చేయించుకోవాలి.