గర్భం తొలి వారాలు: ఊరికి చెప్పకపోయినా సహియాకు చెప్పాలి

నెల తప్పిన విషయాన్ని మూడో నెల నిండేదాకా బయటపెట్టకూడదని తెలుగు ఇళ్లలో పెద్దలు అంటుంటారు. ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి, తరాలుగా జంషెద్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలకూ ఇది కొత్త మాట కాదు. బంధుమిత్రుల విషయంలో ఈ గోప్యత వల్ల నష్టమేమీ లేదు. కానీ ఆరోగ్య కార్యకర్తకు, వైద్యులకు కూడా చెప్పకుండా ఆగితే విలువైన కాలం చేజారిపోతుంది. శిశువు ప్రధాన అవయవాలకు పునాది పడేది ఆ మూడు నెలల్లోనే.

వారాలను ఎలా లెక్కిస్తారు?

చివరిసారి నెలసరి మొదలైన రోజు నుంచి వైద్యులు గర్భాన్ని లెక్కిస్తారు. అండం ఫలదీకరణ చెందేది సాధారణంగా ఆ తర్వాత రెండు వారాలకు. అందువల్ల నెల తప్పే నాటికే లెక్క ప్రకారం నాలుగు వారాలు పూర్తవుతాయి. శిశువు మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాడీనాళం ఆరో వారం ముగిసేసరికి, అంటే నెల తప్పిన రెండు వారాలకే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే శిశువుకు వెన్నెముక, మెదడు లోపాలు కలగవచ్చు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఈ ముప్పును బాగా తగ్గిస్తుంది. బిడ్డ కావాలనుకున్నప్పుడే ఈ మాత్ర మొదలుపెట్టడం ఉత్తమం. అలా జరగకపోతే, గర్భం తెలిసిన రోజునే వైద్య సలహాతో ప్రారంభించాలి.

శరీరంలో కనిపించే మార్పులు

నెలసరి ఆగడం, రొమ్ముల్లో నొప్పి, విపరీతమైన అలసట, తరచూ మూత్రవిసర్జన తొలి సూచనలు. వేవిళ్లు సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, చాలామందిలో నాలుగో నెలకు తగ్గుముఖం పడతాయి. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినడం వల్ల ఉపశమనం కలుగుతుంది. వేవిళ్లు లేనంత మాత్రాన గర్భం నిలవలేదని భయపడనక్కర్లేదు. కొందరికి తొలి వారాల్లో స్వల్పంగా రక్తపు మరక కనిపించవచ్చు. అది ప్రమాదకరమో కాదో తేల్చవలసింది వైద్యులే.

ఎక్కడికి వెళ్లాలి?

తెలుగు రాష్ట్రాల్లో ఆశా కార్యకర్తగా పిలిచేవారిని ఝార్ఖండ్‌లో సహియా అంటారు. మూత్రంతో గర్భాన్ని నిర్ధారించే నిశ్చయ్ కిట్లను ప్రభుత్వం వీరి ద్వారా ఉచితంగా అందిస్తోంది. ఫలితం లేదని వచ్చి, నెలసరి కూడా రాకపోతే వారం తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. 12 వారాల్లోపు పేరు నమోదు చేయించుకుని తల్లీబిడ్డల కార్డు తీసుకోవాలి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హులకు తొలి కాన్పునకు 5,000 రూపాయలు అందడానికి కూడా ఈ నమోదు అవసరం.

తొలి సందర్శనలో రక్తపోటు, బరువు, హిమోగ్లోబిన్, రక్తపు గ్రూపు, చక్కెర, మూత్రం, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఝార్ఖండ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సుమారు 65 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణిలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. దాన్ని తొలి నెలల్లోనే గుర్తిస్తే కాన్పు నాటికి సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. సికిల్ సెల్, తలసేమియా పరీక్షల గురించి కూడా అడగాలి. భార్యలో ఆ లక్షణం ఉన్నట్లు తేలితే భర్తకూ పరీక్ష అవసరం.

జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు

జంషెద్‌పూర్ ఉన్న తూర్పు సింహభూమ్ జిల్లా చుట్టుపక్కల అటవీ ప్రాంతాల్లో మలేరియా బెడద ఉంది. గర్భిణికి మలేరియా సోకితే తల్లికీ, గర్భానికీ ముప్పే. అందుకే జ్వరం వచ్చిన వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి. ప్రైమాక్విన్ వంటి కొన్ని మందులను గర్భిణులకు ఇవ్వరు కనుక, దుకాణంలో అడిగి మాత్రలు వేసుకోకూడదు. మధుమేహం, మూర్ఛ, థైరాయిడ్ వంటి వాటికి వాడుతున్న మందులను సొంతంగా ఆపకుండా వైద్యులతో మాట్లాడాలి. ఖైనీ, హండియా, ఇతర మద్యం పూర్తిగా మానాలి.

పొత్తికడుపులో ముఖ్యంగా ఒకవైపు తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, భుజం పైభాగంలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం గర్భాశయం వెలుపల గర్భం నిలిచిందనడానికి సంకేతాలు కావచ్చు. ఇది ప్రాణాంతకం. వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి. నీళ్లు కూడా కడుపులో నిలవనంతగా వాంతులైతే ఆలస్యం చేయకూడదు.

గర్భం నిలవకపోతే

నిర్ధారణ అయిన గర్భాల్లో సుమారు పది నుంచి ఇరవై శాతం సహజంగానే పోతాయి. తొలి నెలల్లో ఇందుకు ఎక్కువగా కారణం పిండం క్రోమోజోముల్లోని లోపాలే. రోజువారీ ఇంటిపని వల్లనో, దిష్టి తగలడం వల్లనో గర్భం పోయిందని కోడలిని నిందించడం అన్యాయం. టాటా ఉక్కు సంస్థ జంషెద్‌పూర్‌లో 1928లోనే ప్రసూతి ప్రయోజనాన్ని ప్రవేశపెట్టింది. ప్రసూతి ప్రయోజనాలపై ఉన్న చట్టం, దాని పరిధిలోకి వచ్చే ఉద్యోగినికి గర్భస్రావం జరిగితే ఆరు వారాల వేతన సెలవు కల్పిస్తోంది. ఆ సెలవు పొందడానికి వైద్య ధ్రువీకరణ కావాలి. గర్భం సంగతి ముందుగానే ఆసుపత్రి రికార్డుల్లో ఉంటే ఆ పత్రం పొందడం సులభమవుతుంది.

శుభవార్తను బంధువులకు ఎప్పుడు చెప్పాలన్నది ఆ దంపతుల ఇష్టం. సహియాకు మాత్రం మొదటి వారంలోనే చెప్పాలి.